ముగ్గు పోసే ముందు

మన విద్యార్థి సంఘం సంపాదకవర్గం వారు "ఈసారి సంచికకు మీరేదైనా వ్రాయాలి సార్" అని అడిగినప్పుడు, కథ వ్రాయనా, కవిత వ్రాయనా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. నాకు రెండూ రావు. వచ్చింది లెక్కలు చెప్పడం ఒక్కటే. ఈ కళాశాలలోనే బి.యస్సీ. చదివి, ఇప్పుడు ఒక జూనియర్ కళాశాలలో ఎంపీసీ పిల్లలకు గణితం చెప్పుకుంటున్నాను. ప్రతి ఏడూ వేసవిలో నా దగ్గరకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "సార్, ఇంటర్ అయిపోయింది. ఇప్పుడేం చదవాలె?" దానికి నాకు తోచిన జవాబే ఈ వ్యాసం. మేం ఎట్లాగూ డిగ్రీలో చేరిపోయాం, మాకెందుకులే అనుకోకండి. మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటారు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళని వచ్చి మిమ్మల్నే అడుగుతారు. మీరు చెప్పే ఒక్క మాట మీద ఒకరి ఐదేళ్ళు ఆధారపడవచ్చు.

ముందు నా సంగతి చెబుతాను. మాది ఝరాసంగం. కేతకీ సంగమేశ్వరుని గుడి పేరు మీలో చాలామంది విని ఉంటారు. శివుడికి మొగలిపువ్వు పనికిరాదంటారు గాని, మా ఊరి శివుడి పేరులోనే మొగలిపువ్వు ఉంది. చిన్నప్పుడు సెలవులొస్తే ఆ గుడి దగ్గరి అమృత గుండం మెట్ల మీద కూర్చుని బొమ్మలు గీసేవాణ్ణి. దేవుడి బొమ్మలు కాదు, మెట్లు, గోడలు, స్తంభాలు. 2009లో ఇంటర్ పూర్తిచేసి, అందరితోపాటు ఎంసెట్ వ్రాసి, ర్యాంకు కార్డు చేత పట్టుకుని కౌన్సెలింగుకు పోయాను. "ఆర్కిటెక్చర్ కావాలి" అన్నాను. బల్ల దగ్గర కూర్చున్నాయన నన్ను ఎగాదిగా చూసి, "నాటా స్కోరేది బాబూ?" అన్నాడు. ఆ మాట వినడం నాకదే మొదటిసారి. ఆర్కిటెక్చర్‌కు వేరే పరీక్ష ఉంటుందని మేం చదివిన చోట ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ ఏటి పరీక్ష అప్పటికే దాటిపోయింది. ఇంటికి వచ్చి, స్నేహితుడు చేరాడు గదా అని బి.యస్సీ.లో చేరాను.

చేరినందుకు విచారం లేదు. లెక్కలు నాకు అన్నం పెడుతున్నాయి. కాని ఒక నిజం ఒప్పుకోవాలి. నేను బి.యస్సీ.ని ఎంచుకోలేదు, అదే నాకు మిగిలింది. ఎంచుకోవడానికీ మిగలడానికీ ఉన్న తేడా గురించే ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

బావ అడిగిన ప్రశ్న

మా అక్కను ఊళ్ళోనే ఇచ్చాం. బావ తాపీ మేస్త్రి. వాళ్ళమ్మాయి జహీరాబాదులో ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మొన్న దసరాకు ఊరికి పోతే భోజనాల దగ్గర పంచాయితీ పెట్టారు. అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతానంటుంది, బావ వద్దంటాడు.

"బామ్మర్దీ, నువ్వే చెప్పు. ముప్ఫై ఏండ్ల సంది ఇండ్లు కడుతున్న. నేనే కాలేజీల చదివిన? ఇల్లు కట్టెతందుకు ఐదేండ్ల చదువా? మూడేండ్ల డిగ్రీ చదివి, బీఈడీ చేస్తే పంతులమ్మ అయితది."

"నాయినా, నువ్వు కడుతవు. నేను గీస్త" అంది అమ్మాయి.

"గీసెటోళ్ళు శానమంది ఉన్నరు బిడ్డా. ఆ గీత మీద గోడ నిలబెట్టేది నేను."

నాకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. బావ అడిగింది మొండి ప్రశ్న కాదు, చాలా మంచి ప్రశ్న. ఏ డిగ్రీ గురించైనా అడగవలసిన ప్రశ్నే అది: ఇంతకాలం, ఇంత డబ్బు పెట్టి నేర్చుకునేదేమిటి? అది నేర్చుకోకపోతే రానిదేమిటి? ఈ ప్రశ్న అడగకుండానే మనలో నూటికి తొంభైమందిమి అప్లికేషన్ నింపుతాం.

ఇల్లు కట్టేవాళ్ళ పద్ధతి మీకు తెలిసిందే. పునాది తవ్వేముందు నేల మీద సున్నంతో ముగ్గు పోస్తారు. ముగ్గు తప్పితే కాలితో చెరిపి మళ్ళీ పోయవచ్చు. గోడ లేచాక తప్పు కనబడితే గడ్డపార తీసుకోవాలి. డిగ్రీ కూడా అంతే. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ కాలంలో వాళ్ళుంటే "డిగ్రీలో చేరి చూడు" అని కూడా కలిపేవాళ్ళేమో! అందుచేత ముగ్గు దశలో అడగవలసిన మూడు ప్రశ్నలు చెబుతాను. ఉదాహరణకు ఆర్కిటెక్చర్‌నే తీసుకుంటాను. అన్ని డిగ్రీలకూ ఇవే ప్రశ్నలు.

మొదటి ప్రశ్న: రోజూ చేసే పని ఏమిటి?

డిగ్రీ పేరు చూసి మోసపోకూడదు. ఆ చదువులో సోమవారం పొద్దున పది గంటలకు ఏం చేస్తారో కనుక్కోవాలి. బి.ఆర్క్. ఐదేళ్ళు, పది సెమిస్టర్లు. దానికి గుండెకాయ డిజైన్ స్టూడియో. ఒక స్థలం ఇస్తారు, ఒక అవసరం చెబుతారు. ఒక చిన్న బడి, ఒక సంత, ఒక ఆసుపత్రి వంటివి. గీయాలి, అట్టముక్కలతో నమూనా చేయాలి, అధ్యాపకుల ముందు నిలబడి ఎందుకట్లా గీశావో సమాధానం చెప్పాలి. వారు తప్పులు చూపిస్తే ఏడవకుండా మళ్ళీ గీయాలి. దీనితోపాటు నిర్మాణ సామగ్రి, కట్టడాల బలాబలాలు, వాతావరణం, నీళ్ళ పైపులు, కరెంటు, వాస్తుకళా చరిత్ర, ఖర్చుల అంచనా అన్నీ చదవాలి. కంప్యూటరు మీద గీయడం కూడా నేర్చుకోవాలి. ఒక సెమిస్టరు ఏదైనా ఆర్కిటెక్టు ఆఫీసులో శిక్షణ ఉంటుంది. బొమ్మలు బాగా వేస్తే చాలనుకునేవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు. లెక్కలు బాగా వస్తే చాలనుకునేవాళ్ళూ దెబ్బతింటారు.

సివిల్ ఇంజనీరుకూ ఆర్కిటెక్టుకూ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. స్థూలంగా చెప్పాలంటే, కట్టడం కూలకుండా నిలబడేటట్టు చూసేది ఇంజనీరు. అందులో మనుషులు ఎట్లా మసలుతారు, వెలుతురు ఎటునుంచి వస్తుంది, గాలి ఎటు పోతుంది, ఏ గది పక్కన ఏ గది ఉండాలి అనేది ఆలోచించేది ఆర్కిటెక్టు. ఇద్దరి మాటనూ నేల మీద నిజం చేసేది మేస్త్రి.

ఈ మాట నోటితో చెబితే బావకు ఎక్కదని, ఒక ఆదివారం ముగ్గురం బీదరు పోయాం. జహీరాబాదు నుంచి దగ్గరే. అక్కడ బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా ఉంది. అంటే ఐదున్నర వందల ఏళ్ళ నాటి కళాశాల అన్నమాట. మూడంతస్తులు. పాఠాల గదులు, గ్రంథాలయం, మసీదు, గురువులకూ శిష్యులకూ వసతి, అన్నీ ఒకే ప్రాంగణం చుట్టూ అమర్చారు. 1696లో తుపాకిమందు పేలి కొంతభాగం కూలిపోయింది. మిగిలిన ఒక మీనారు, గోడల మీద రంగు పలకలు ఇప్పటికీ చూడవచ్చు. బావ గోడ మందం జానలతో కొలిచి, "ఇది కట్టినోడు మొనగాడు" అన్నాడు.

"కట్టినోడేనా నాయినా? ఏ గదిలకు వెలుతురు ఎటునుంచి రావాలె, పిల్లలు యాడ కూసోవాలె, అదంత గోడ లేచినంక అనుకుంటే అయితదా?" అంది అమ్మాయి.

బావ కాసేపు ఊరుకుని, "అయితది గని, కూలగొట్టి మళ్ళ కట్టాలె" అన్నాడు.

అంతకంటె బాగా నేను చెప్పలేను.

మన రాష్ట్రంలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం కట్టేముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు దేశదేశాల విశ్వవిద్యాలయాలు తిరిగి చూసి వచ్చారు. బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా రూపొందించాడు. 1934లో మొదలైన పని 1939లో పూర్తయింది. ముందు చూశారు, తర్వాత గీశారు, ఆ తర్వాతే కట్టారు. డిగ్రీ ఎంచుకునేవాడికి కూడా వరుస ఇదే.

రెండవ ప్రశ్న: తలుపు ఏది? తాళంచెవి ఏది?

నేను దెబ్బతిన్నది ఇక్కడే గనుక కొంచెం వివరంగా వ్రాస్తాను. ప్రతి డిగ్రీకీ ఒక తలుపు ఉంటుంది. ఒక తలుపు తాళంచెవితో ఇంకొక తలుపు తెరుచుకోదు.

ఇంజనీరింగుకు ఒకప్పటి ఎంసెట్, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్. దానితో బి.ఆర్క్. సీటు రాదు. బి.ఆర్క్.కు ప్రధానంగా రెండు తాళంచెవులు. మొదటిది నాటా. దీన్ని కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిర్వహిస్తుంది, 2006లో మొదలైంది. ఇటీవలి పద్ధతి ప్రకారం మొత్తం 200 మార్కులు. అందులో 80 మార్కులు కాగితం మీద గీయడానికి, 120 మార్కులు కంప్యూటరు మీద జవాబులకు. రెండవది జేఈఈ మెయిన్‌లోని పేపర్ 2ఏ. ఇందులో గణితం, అభిరుచి పరీక్ష, డ్రాయింగు ఉంటాయి. విజయవాడ, ఢిల్లీ, భోపాల్‌లలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి కేంద్ర సంస్థలకు ఇదే దారి. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీలలో బి.ఆర్క్. కావాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత పొంది, పైగా ఇంకొక అభిరుచి పరీక్ష వ్రాయాలి.

అర్హత సంగతి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండి తీరాలి. ఎంపీసీ వాళ్ళకు చిక్కులేదు. బైపీసీ వాళ్ళకు గణితం లేదు గనుక ఈ తలుపు తెరుచుకోదు. పదో తరగతి తర్వాత గణితంతో మూడేళ్ళ డిప్లొమా చేసినవాళ్ళు కూడా అర్హులే. ఈ నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన స్వయంగా చదవాలి. సీనియరు చెప్పాడని, కోచింగువాళ్ళు చెప్పారని ఊరుకోకూడదు.

హైదరాబాదు మాసాబ్‌ట్యాంకులో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పాత ప్రభుత్వ లలితకళలు, వాస్తుకళల కళాశాల 1972లో జె.ఎన్.టి.యు.లో భాగమైంది. 2008లో విడిగా విశ్వవిద్యాలయమైంది. గణితం లేనివాళ్ళు, గీయడం మీద ప్రేమ ఉన్నవాళ్ళు అక్కడి లలితకళల కోర్సులు చూడవచ్చు. వాటికి ప్రవేశపరీక్ష వేరు. నగరాలూ పల్లెలూ ఎట్లా పెరగాలో ఆలోచించే ప్లానింగ్ డిగ్రీ ఉంది, దానికి జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి. వస్తువుల రూపకల్పన నేర్పే బి.డిజైన్‌కు యూసీడ్. మన సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న హైదరాబాదు ఐఐటీలోనే ఆ కోర్సు ఉంది. వ్యవసాయం మీద మనసున్న బైపీసీ పిల్లలకు ఈఏపీసెట్ ద్వారా వ్యవసాయ డిగ్రీ ఉంది. బి.ఏ., బి.కాం., బి.యస్సీ.లకు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే వరుస ప్రాణప్రదం. నెట్ సెంటరు అబ్బాయి చేతికి ఫోను ఇచ్చి "ఏదో ఒకటి పెట్టన్నా" అంటే, ఏదో ఒకటే వస్తుంది. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో రిపోర్టు చేయకపోతే అదీ పోతుంది.

మూడవ ప్రశ్న: ఎంత కాలం, ఎంత ఖర్చు, చివరికేమిటి?

బావ భయమంతా ఇక్కడే ఉంది. అది న్యాయమైన భయం. బి.యస్సీ. మూడేళ్ళు, బి.ఆర్క్. ఐదేళ్ళు. ఫీజు ఒక్కటే కాదు. కాగితాలు, నమూనాల సామాను, లాప్‌టాప్, అధ్యయన యాత్రలు, హాస్టలు అన్నీ లెక్కవేయాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీకు అర్హత ఉందా, మీరు చేరే కళాశాలకు, కోర్సుకు అది వర్తిస్తుందా అనేది చేరకముందే కనుక్కోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీ-సేవలో ముందుగానే తీసి పెట్టుకోవాలి. చివరి రోజు సర్వర్ పనిచేయదు. ఇది గణితంలో నిరూపించలేని సత్యం!

చదువు అయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం అట్లా నమోదైనవారే "ఆర్కిటెక్టు" అని పేరు పెట్టుకోవాలి. ఐతే ఆ చట్టం కాపాడేది పేరునే గాని పనిని కాదని, అంటే ఇతరులు నమూనాలు గీయకూడదని అందులో లేదని, 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి డిగ్రీ ఉంది గదా, పని దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు. మొదటి రెండు మూడేళ్ళు జీతం తక్కువగా ఉండడం ఈ వృత్తిలో మామూలే. సాఫ్ట్‌వేరు స్నేహితుణ్ణి చూసి కుళ్ళుకునేవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి.

ఆర్కిటెక్చర్ అంటే బంజారాహిల్స్ బంగళాలు అని మాత్రం అనుకోవద్దు. 2018లో ఈ రంగంలో ప్రపంచ ప్రఖ్యాతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు బాలకృష్ణ దోషి. ఆయనకు పేరు తెచ్చిన పనుల్లో ఒకటి ఇండోర్ నగరంలో పేదవాళ్ళ కోసం రూపొందించిన అరణ్య కాలనీ. లారీ బేకర్ కేరళలో తక్కువ ఖర్చుతో ఇటుక ఇళ్ళు కట్టి, ఆ పనికే పద్మశ్రీ పొందాడు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పక తప్పదు. ఝరాసంగం, న్యాల్కల్ మండలాల్లో నిమ్జ్ పేరుతో పెద్ద పారిశ్రామిక మండలం తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాదు ఒకటి. అంటే మన పొలాల మీద, మన బాటల మీద, మన చెరువుల పక్కన ఎవరో గీతలు గీస్తారు. గీసేవాళ్ళలో ఈ నేల ఎరిగినవాళ్ళు ఒక్కరైనా ఉండాలా, వద్దా? మా ఎర్రరాయి సంగతే చూడండి. శాస్త్రంలో దీన్ని లేటరైట్ అంటారు. భూమిలోంచి తీసినప్పుడు మెత్తగా కోతకు లొంగుతుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. ఈ సంగతి మా బావకు చెయ్యి చెబుతుంది. పట్నంలో కూర్చుని గీసేవాడికి ఎవరు చెప్పాలి?

సన్నాహం: ఇంటి నుంచే

కోచింగు అవసరమా అని అడుగుతారు. కొందరికి ఉపయోగపడవచ్చు. కాని అంతకుముందు నెలరోజులు ఖర్చులేని పరీక్ష ఒకటి మిమ్మల్ని మీరే పెట్టుకోండి. మా మేనకోడలికి నేను చెప్పిన పద్ధతి ఇది.

ఒకటి: టేపు పట్టుకుని మీ ఇల్లు కొలవండి. పైనుంచి చూస్తే ఎట్లా ఉంటుందో స్కేలు ప్రకారం గీయండి. తలుపులు, కిటికీలు, ఎండ పడే వైపు గుర్తుపెట్టండి.

రెండు: రోజుకొక బొమ్మ. ఫోటో చూసి కాదు, ఎదురుగా కూర్చుని గీయాలి. గుండం మెట్లు, బస్టాండు, సంతలో కూరగాయల గంపలు, ఏదైనా సరే. దూరం పోయేకొద్దీ వస్తువు ఎట్లా చిన్నదవుతుందో కన్ను పట్టుకోవాలి.

మూడు: పనిచేసే మేస్త్రి దగ్గర ఒక పూట నిలబడండి. మా బావ గోడ మూల సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక పక్క మూడడుగులు, ఇంకొక పక్క నాలుగడుగులు కొలిచి, ఎదురు కొలత ఐదడుగులు వస్తే "మూల కుదిరింది" అంటాడు. అది పైథాగరస్ సిద్ధాంతం. ఆయన పదో తరగతి తప్పాడు, నేనది ఏటా బోర్డు మీద వ్రాస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పిల్లలను గోడ దగ్గరకు తీసుకుపోలేదే అని ఆ రోజు సిగ్గుపడ్డాను.

నాలుగు: ఇంటర్ గణితం వదలకండి. బొమ్మల మోజులో ఐపీఈ మార్కులు పోగొట్టుకుంటే అర్హతే పోతుంది.

ఐదు: గోడ మీద ఒక కాగితం అంటించండి. పరీక్ష పేరు, దరఖాస్తు గడువు, పరీక్ష తేదీ, కావలసిన పత్రాలు. అట్లాంటి కాగితం ఒక్కటి 2009లో మా ఇంటి గోడ మీద ఉంటే ఈ వ్యాసం వేరే విధంగా ఉండేది.

నెల తర్వాత ఈ పని విసుగనిపిస్తే సంతోషంగా వదిలేయండి. ఐదేళ్ళు మిగిలినట్టే. ఇంకా చేయాలనిపిస్తే ముందుకు పోండి. వాణిజ్యం చదవాలనుకునేవాళ్ళు నెలరోజులు ఒక దుకాణం ఖాతాలు వ్రాసి చూడండి. ఉపాధ్యాయులు కావాలనుకునేవాళ్ళు వాడకట్టు పిల్లలకు లెక్కలు చెప్పి చూడండి. పద్ధతి ఒక్కటే.

సంక్రాంతికి మళ్ళీ ఊరికి పోయాను. అమ్మాయి గీసిన ఇంటి పటం బావ ముందు పరిచి ఉంది. ఆయన తాను కట్టిన ఇంటిని కాగితం మీద చూడటం అదే మొదటిసారి. వేలు పెట్టి గది గది తిరిగి, ఒకచోట ఆగాడు.

"ఈ కిటికీ యాడిది? నేను పెట్టలే గద."

"పెట్టాల్సి ఉండె నాయినా. అందుకే అమ్మ వంటింట్ల పొగకు దగ్గుతది."

బావ మాట్లాడలేదు. అక్క మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

చివరికి తీర్పు చెప్పింది బావే. "నాటా రాయి. ఈఏపీసెట్ గూడ రాయి. దోస్త్‌ల గూడ పేరు పెట్టు. మంచి కాలేజీల సీటొస్తే పంపుత, లేకుంటే బీఎస్సీ. మళ్ళ ఏడ్వద్దు." అమ్మాయి ఒప్పుకుంది. పరీక్ష ఈ వేసవిలో. ఏమవుతుందో నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం ఖాయం. రేపు ఆమె బి.ఆర్క్.లో చేరినా, బి.యస్సీ.లో చేరినా, అది మిగిలింది కాదు, తెలిసి ఎంచుకున్నది.

మిత్రులారా! మీ ఊళ్ళో ఈ ఏడు ఇంటర్ చదువుతున్న పిల్లలు ఎవరైనా ఉంటే, ఈ సంచిక చదివి మూసేయకుండా ఒకసారి వాళ్ళను పిలిచి ఆ మూడు ప్రశ్నలూ అడగండి. వీలైతే గోడకు కాగితం మీరే అంటించి రండి. మా వంటింటి గోడకు కిటికీ కొట్టే పని ఉగాదికి పెట్టుకున్నానన్నాడు బావ. గడ్డపార సిద్ధంగా ఉందట.